ఎర్రబడ్డ పసుపు బొట్టు

కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో, సైకిళ్ల దుకాణం మీది గదిలో రాధాబాయి డిటెక్టివ్ ఆఫీసు ఉంది. పెళ్లాల మీద అనుమానంతో వచ్చే మొగుళ్లను ఆమె మెట్ల మీంచే వెనక్కి పంపేస్తుంది. మిగిలిన వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే మాట అడుగుతుంది. మనిషి గ్లాసు పట్టుకునే తీరులోనే సగం కేసు తెలిసిపోతుందని ఆమె నమ్మకం. ఆ సగం ఆమె సహాయకుడు అమిత్‌కు ఏనాడూ కనపడలేదు. అయినా కనపడ్డట్టే తలూపుతాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో నిక్షేపంలాంటి సర్వేయర్ ఉద్యోగం వదిలేసి మరీ ఆమె దగ్గర చేరినవాడు, తల అడ్డంగా ఎట్లా ఊపుతాడు?

ఆ బుధవారం పొద్దున వచ్చిన ఆడమనిషి గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. అందులోని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. పేరు జ్యోతిరాణి, ఊరు మెట్‌పల్లి. మాట్లాడేటప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

"నీళ్లల్ల విషం కలుపుతున్ననట మేడం," అంది. "రేపు పంచాయతీ కాడ నా ఫిల్టర్లన్ని కుప్పవోసి, నా మీద కేసు పెడ్తరట."

రాధాబాయి తొందరపెట్టలేదు. మొదటి నుంచీ చెప్పమంది. జ్యోతిరాణి చెప్పింది.

మెట్‌పల్లి అవతల నల్లబండ అనే ఊరు ఆమె అమ్మమ్మది. చిన్నప్పుడు అక్కడే పెరిగింది. ఆ ఊరి బోరు నీళ్లు అద్దంలా ఉంటాయి, తాగితే తియ్యగా ఉంటాయి. కానీ అందులో కంటికి కనపడని ఫ్లోరైడ్ ఉంది. పిల్లల పళ్లకు గార పట్టిస్తుంది, పెద్దవాళ్ల మోకాళ్లనూ నడుములనూ బిగదీస్తుంది. నల్లా నీళ్లు వచ్చే రోజు వస్తాయి, రాని రోజు రావు. వచ్చినా ఊరి నాలుకకు బోరు నీళ్లే రుచి. అందుకని జ్యోతిరాణి ఒక పని నేర్చుకుంది. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు స్టీలు డబ్బాలు, పైదాంట్లో అల్యూమినా అనే తెల్ల గుళికలు. బోరు నీళ్లు పైన పోస్తే గుళికలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి, కింది కొళాయిలోంచి మంచినీళ్లు వస్తాయి. గుళికలు నిండినప్పుడు ఆమే వచ్చి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడుతుంది. పట్టిందంతా అవి ఆ నీళ్లలోకి కక్కేస్తాయి. ఆ నీళ్లు ఎవరికీ అందని చోట పారబోసి, పటిక నీళ్లతో కడిగి మళ్లీ నింపుతుంది. దాపరికం ఉండకూడదని ఈ పనంతా ఎవరి వాకిట్లో వాళ్ల కళ్ల ముందే చేస్తుంది.

ఊళ్లో పెద్ద రైతు జగపతిరావు. మా ఇంట్లోనే ముందు పెట్టు, బాగుంటే ఊరంతా పెట్టుకుంటుంది అన్నాడు. పెట్టింది. తర్వాత మరికొన్ని ఇళ్లవాళ్లు పెట్టుకున్నారు. ఏడాదిపాటు ఎన్నిసార్లు పరీక్ష చేసినా ఆయనింటి నీళ్లు మంచివే. ఇంటింటికీ పెట్టాలా వద్దా అని తేల్చే గ్రామసభ ముందర, మొన్న ఆదివారం ఊరందరి ఎదుట ఆయనింట్లోనే ఆఖరి పరీక్ష జరిగింది. జగిత్యాల నీళ్ల ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి మిషన్ పెట్టి చూసి, నమ్మలేక మళ్లీ చూసింది. వడపోసిన నీళ్లలో బోరు నీళ్ల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉంది.

"తక్కువ పట్టింది అంటే నా తప్పే అనుకుందును," అంది జ్యోతిరాణి. "బోరు కన్న ఎక్కువ యాడికెళ్లి వస్తది మేడం? అమ్మమ్మ ఊరని, ఆ పోరగాండ్ల పండ్లు నా తీరు గావద్దని చేసిన. గిప్పుడు ఆ తల్లులే నా మొఖాన ఉమ్మేస్తున్నరు."

కొంగు ఒక్క క్షణం జారింది. ఆమె పళ్ల మీద ఎర్రటి గార చారలు అమిత్‌కు కనపడ్డాయి. మనసు చివుక్కుమని తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ ఫిల్టర్ గిప్పుడు యాడుంది?" అని అడిగింది రాధాబాయి.

"ఆళ్లింట్లనే. బట్ట కప్పి మూలకు పెట్టిండ్రు. ఎవ్వలు ముట్టలే."

"శుక్రవారం రాకముందే వచ్చినవు, మంచిగైంది," అంది రాధాబాయి లేస్తూ. శుక్రవారానికీ దీనికీ ఏం సంబంధమో అమిత్‌కు అర్థం కాలేదు. తలూపాడు.

నల్లబండ దారి పొడుగునా పసుపు చేలే. కారు నడుపుతూనే అమిత్ దొంగను పట్టేశాడు. జగపతిరావు మేనల్లుడు భానుప్రసాద్‌కు మెట్‌పల్లిలో నీళ్ల క్యాన్ల ప్లాంటు ఉందని జ్యోతిరాణి చెప్పింది. ఊరంతా ఫిల్టర్లు పెట్టుకుంటే క్యాన్లు ఎవరు కొంటారు? ఇంక వెతకడానికేముందని అతని వాదన. రాధాబాయి కిటికీలోంచి చేలను చూస్తూ, దొంగను పట్టడం ఇంత సులువైతే నీకూ నాకూ జీతాలు దండగ అంది.

జగపతిరావు ఇల్లు ఊరి మధ్యలో ఉంది. వాకిలి పక్కనే బోరు, దానికి సిమెంటు గద్దె, గద్దె మీద ఆయన తండ్రి పేరు. డెబ్బై ఏళ్ల పెద్దాయన చేతికర్ర ఊతంతో ఎదురొచ్చి, మోకాళ్లు వంగక మంచం అంచున సగం నిలబడ్డట్టే కూర్చున్నాడు. కట్టుకున్న ధోవతి మాత్రం తెల్లగా మెరిసిపోతోంది.

పనిమనిషి కొమురెల్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. రాధాబాయి గడగడా తాగి, చాలా తియ్యగా ఉన్నాయంది. పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"మా బాపు నీళ్లు," అన్నాడు. "కరువొచ్చిన ఏడు, వరి పండే తరి పొలం అమ్మి బోరేయించిండు. సుట్టు ఊర్లన్ని ఎండితే గీ ఊరు ఒక్కటే బతికింది. గా డబ్బనీళ్లు నాకు నోట్లెకు పోవు. కొనుక్కునే నీళ్లు కూడ ఈ ఇంటి గడప తొక్కలే. పిల్ల కోసం కోడలు పెట్టుమంటే సరే అన్న, గంతే."

జ్యోతిరాణి మీద తనకు కోపం లేదని, ఆడపిల్ల తెలియక చేసి ఉంటుందని కూడా అన్నాడు. కేసు వద్దనే తను ఊరివాళ్లకు చెబుతున్నాడట, డబ్బాలు తీసేస్తే చాలునట. ఎంత పెద్ద మనసు అనుకున్నాడు అమిత్.

కోడలు మమతారాణి వాళ్లను వంటింట్లోకి తీసుకుపోయింది. రాధాబాయి ఫిల్టర్ మీది బట్ట తీసి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసింది. పై డబ్బా అంచుకు కొంచెం కింద పసుపు బొట్టు ఉంది. బొట్టులోనే ఒక పక్కగా, అంచు మీంచి ఏదో కారినట్టు సన్నటి ఎర్ర చార కనపడింది.

"బొట్టు పెట్టింది నువ్వేనా బిడ్డా?"

"నేనే. శుక్రవారం శుక్రవారం పొయ్యికి, గడపకు, రోలుకు పెడ్తం గద. దినాం నీళ్లిచ్చేదానికి పెట్టకుంటె ఎట్ల అని దీనికి గూడ పెడ్త. కడిగి కొత్తది పెడ్త, ఎల్లుండి మల్ల కడుగుత."

"కుంకుమ గూడనా?"

"లేదు. కుంకుమ రాలి నీళ్లల్ల పడ్తదని దీనికి ఒట్టి పసుపే."

అయితే ఈ ఎరుపేమిటని అమిత్ అడగబోయాడు. రాధాబాయి అతని కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. తర్వాత శనివారం ఇంట్లో ఎవరున్నారని అడిగింది. మమతారాణి, ఆమె కూతురు రుచిత, కొమురెల్లి పొద్దున్నే ధర్మపురి పోయి, నరసింహస్వామి దర్శనం చేసుకుని పొద్దుగూకే వేళకు తిరిగొచ్చారట. ఆమె భర్త పసుపు బేరానికి నిజామాబాద్‌లోనే ఉండిపోయాడట. మామ ఒక్కడే ఇంట్లో ఉన్నాడు, మోకాళ్ల నొప్పులని రాలేదు. మధ్యాహ్నం భానుప్రసాద్ వచ్చిపోయాడని మాత్రం పక్కింటివాళ్లు చెప్పారు.

అమిత్ కళ్లు మెరిశాయి. రాధాబాయి పెరట్లోకి నడిచింది. బట్టలు ఉతికే బండ దగ్గర బట్టల సోడా డబ్బా ఉంది. మూత తీసి చూస్తే అడుగున పిడికెడు కూడా లేదు.

"మొన్న శుక్రవారమే నింపితి అమ్మా," అన్నాడు కొమురెల్లి, తనమీదికే వస్తుందేమోనని భయంగా. "దొర ధోవతులకు గిద్దెడు సోడా సాలు. ఆదివారం పొద్దుగాల సూస్తె అడుగంటింది. ఎవలన్న అడిగి తీస్కపోయిండ్రేమో అనుకున్న."

రుచిత రెండో తరగతి చదువుతుంది. ముత్యాల్లాంటి పళ్లు. రాధాబాయి ఆ పిల్ల పక్కన గడప మీద కూర్చుని, ధర్మపురిలో ఏం కొనుక్కున్నావని మొదలుపెట్టి, ఆదివారం దాకా తీసుకొచ్చింది.

"ఆదివారం మిషన్ పెట్టి సూసిండ్రు గద, నువ్వు సూసినవా?"

"సూసిన. మస్తు మంది అచ్చిండ్రు."

"ఆనాడు నువ్వు ఏ నీళ్లు తాగినవు బిడ్డా?"

"తాత రూంల క్యాన్ నీళ్లు. పండ్లు తోముకోంగనే తాతనే పోసిచ్చిండు. ఫిల్టర్ కాడికి పోవద్దన్నడు."

"మిషనోళ్లు వచ్చినంకనా?"

"కాదు. ఆళ్లు రాకముందుగాలనే."

లోపలి నుంచి జగపతిరావు పిల్లను కేకేశాడు. రుచిత పరుగెత్తింది. రాధాబాయి కాసేపు ఆ గడప మీదే కూర్చుంది. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం లేదు. అమిత్ మాత్రం లోపలికి తొంగిచూసి, పెద్దాయన మంచం కింద భానుప్రసాద్ ప్లాంటు పేరున్న చిన్న క్యాన్ చూసి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

మెట్‌పల్లిలో భానుప్రసాద్ వాళ్లను చూడగానే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తనకేం తెలియదని మొదలుపెట్టాడు. శనివారం పోయిన మాట నిజమే. క్యాన్ ఇచ్చిన మాటా నిజమే.

"మామనే ఫోన్ చేసి తెమ్మన్నడు. కొన్న నీళ్లని ఏండ్లకేండ్లు నన్ను తిట్టినోడు ఆయన. అడిగితె సంబరమైంది. వాకిట్లనే తీస్కున్నడు, లోపలికి రానియ్యలే."

బయటికి రాగానే, పచ్చి అబద్ధమని తేల్చేశాడు అమిత్. కొన్న నీళ్లు గడప తొక్కలేదని పెద్దాయన మన ముందే అన్నాడుగా! రాధాబాయి అతన్ని జాలిగా చూసింది.

"మరి క్యాన్ మంచం కిందికి ఎట్ల వోయింది అమిత్, నడుచుకుంటనా?" అంది. "జ్యోతిరాణికి ఫోన్ చెయ్యి. రేపు సభకు పటిక తెమ్మను. పరీక్ష చేసిన పిల్లను గూడ మిషన్‌తోని రమ్మను."

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద ఊరు ఊరంతా కూడింది. ఫిల్టర్లన్నీ ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. జ్యోతిరాణి, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు. వాళ్లకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. సర్పంచ్ పక్కన జగపతిరావు, ఆయన వెనక మమతారాణి, చివర్న చెమటలు తుడుచుకుంటూ భానుప్రసాద్. రాధాబాయి జగపతిరావు ఇంటి ఫిల్టర్‌ను తెప్పించి బల్ల మీద పెట్టించింది. ఒక తెల్లగుడ్డ, చిటికెడు పసుపు అడిగింది.

గుడ్డ మీద పసుపు రుద్ది, ముందు బోరు నీళ్లు చల్లింది. పసుపు పసుపుగానే ఉంది. తర్వాత బట్టల సోడా కలిపిన నీళ్లు చల్లింది. తడి తగిలినంత మేర ఎర్రబారింది. ముందు వరసలోని ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కాళ్లకు పారాణి పెట్టుకున్నోళ్లు మీరు, మీకు నేను చెప్పాల్నా?" అంది. "పసుపుల సున్నం కలిస్తె ఎరుపు. సోడా కలిసినా గంతే. మమతారాణి శుక్రవారం పెట్టింది ఒట్టి పసుపు. ఆదివారం నాటికి గా బొట్టు మీద ఎర్ర చార పడ్డది. నడుమ శనివారం నాడు ఎవలో ఫిల్టర్ల సోడా నీళ్లు గుమ్మరిచ్చిండ్రు. పెరట్ల నిండు డబ్బ గందుకే ఖాళీ అయ్యింది."

సోడా పోస్తే ఏమవుతుందో జ్యోతిరాణి ఈ ఊరి వాకిళ్లలోనే ఎన్నోసార్లు చూపించిందని గుర్తు చేసింది. గుళికలు పట్టుకున్నదంతా కక్కేస్తాయి. జ్యోతిరాణి వాడేది కాస్టిక్ సోడా, బట్టల సోడా దానికి చెల్లెలు. తను ఆ నీళ్లు పారబోసి, పటికతో కడుగుతుంది. శనివారం పోసినవాళ్లు పైపైన బోరు నీళ్లు పోసి ఊరుకున్నారు. కక్కిందంతా కింది డబ్బాలోకి దిగి, ఆదివారం మిషన్ కిందికి వచ్చింది.

"భానుప్రసాదే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. భానుప్రసాద్ కుర్చీలోంచి లేవబోయి, అందరూ తనకేసే చూస్తుంటే మళ్లీ కూర్చున్నాడు.

"నేను గూడ గట్లనే అనుకున్న," అన్నాడు అమిత్ పైకే. అని నాలుక కరుచుకున్నాడు.

"భానుప్రసాద్ వాకిట్ల క్యాన్ దించి పోయిండు," అంది రాధాబాయి. "గా క్యాన్ ఎందుకు వచ్చిందో అదే అసలు సంగతి. కొన్న నీళ్లు గడప తొక్కని ఇంట్లకు, సరిగ్గ పరీక్షకు ముందు రోజు క్యాన్ వచ్చింది. ఆదివారం పొద్దుగాల, మిషన్ రాకముందే, ఆ ఇంట్ల ఒక చిన్న పిల్లకు ఫిల్టర్ నీళ్లు వద్దని క్యాన్ నీళ్లు పోసిచ్చిండ్రు. ఫిల్టర్ల ఏమున్నదో అప్పటికి ఊర్ల ఎవ్వలకు తెల్వది. పోసినోళ్లకు తప్ప. ఆ పిల్లను ఇక్కడికి పిలవను. పిలవాల్సిన పని లేదు, కదా రావుగారూ?"

మమతారాణి గిరుక్కున మామ వైపు తిరిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనవరాలి మీది ప్రేమ పట్టించింది.

జగపతిరావు చేతికర్ర మీద బరువంతా వేసి లేచాడు. అబద్ధమాడతాడేమో అనుకున్నాడు అమిత్. ఆయన ఆడలేదు.

"నేనే పోసిన," అన్నాడు. "నా ఇంట్లనే పెడితె వారం దినాలల్ల అదే ఫేలైతదనుకున్న. కాలే. ఇంటింటికి గీ డబ్బ పెట్టినంక మా బాపును ఏమంటరు? కరువుల బతికిచ్చినోడు అంటరా? విషం తాపినోడు అంటరు. గద్దె మీద ఆయన పేరున్నది."

"మీ బాపు తెల్వక తాపిండు, ఊరు బతికింది," అంది రాధాబాయి. ఆమె గొంతు మెత్తబడింది. "నేను బొగ్గు బాయి కార్మికుని బిడ్డను. మా బాపు గూడ నాకు దొరికిన నీళ్లే తాపిండు. గా కాలంల ఎవలకు తెలుసు? మీకు తెలుసు. తెలిసి గూడ అడ్డంపడ్డరు. మీ మోకాళ్లు ఎందుకు వంగుతలేవో ఎవలనన్న అడిగిండ్రా?"

ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు, కొత్తవాళ్ల కాళ్లను చూసినట్టు.

రాధాబాయి ఊరివైపు తిరిగింది. ఈసారి గొంతు చివరి వరస దాకా వినపడింది.

"ఇంకొక్క మాట. ఆదివారం మీరందరు చూసిన ఆ విషం యాడికెళ్లి వచ్చింది? జ్యోతిరాణి కలపలే. రావుగారు గూడ కలపలే, ఆయన పోసింది ఉత్త సోడా. అది మీ బోరు నీళ్లల్లదే. ఇన్ని నెలలు గీ తెల్ల గుళికలు కొద్దికొద్దిగ పట్టి దాచిపెట్టిందే. పట్టకపోతె కక్కేది యాడిది? ఫిల్టర్ లేకుంటె అదంత ఆ పిల్ల బొక్కలల్ల ఉండేది. ఇది పనిచేస్తలేదని చూపియ్యబోయి, ఎంత మంచిగ పనిచేసిందో ఊరందరికి ఆయనే చూపిచ్చిండు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముందు వరసలో ఒక ముసలామెకు అర్థమైంది. పక్కావిడకు చెప్పింది. ఆ మాట వరస వెంట వరస పాకి, చివరి వరసకు చేరేసరికి షామియానా అంతా గోలగోలైంది. ఇన్సూరెన్స్ ఉద్యోగం వదిలినందుకు అమిత్‌ను తల్లి ఇంకా తిడుతూనే ఉంటుంది. ఇవాళ ఆమె ఇక్కడుంటే బాగుండునని అతనికి అనిపించింది.

మిగతా పని జ్యోతిరాణిది. అందరి ముందూ గుళికలు తీసి సోడా నీళ్లలో నానబెట్టి, పటిక నీళ్లతో కడిగి, మళ్లీ నింపింది. బోరు నీళ్లు పైన పోసింది. కింద కొళాయి తిప్పి, మొదటి నీళ్లు పారబోసి, తర్వాతి నీళ్లు గ్లాసులోకి పట్టింది. జగిత్యాల అమ్మాయి మిషన్ పెట్టి, అంకె చూసి, నవ్వు ఆపుకోలేక మిషన్‌ను పైకెత్తి ఊరికి చూపించింది. బోరు నీళ్ల అంకెలో పదో వంతు కూడా లేదు.

కుప్పలోంచి తమ తమ ఫిల్టర్లు ఏరుకోవడానికి ఆడవాళ్లు ఎగబడ్డారు. లేనివాళ్లు మాకెప్పుడు పెడతావని జ్యోతిరాణి చుట్టూ మూగారు. ఎవరో ఆమెకు కుర్చీ తెచ్చారు. గోల విని రుచిత, మిగతా పిల్లలు పరుగెత్తుకొచ్చారు. సర్పంచ్ చేతులెత్తించే పని కూడా పెట్టుకోలేదు. ఇంటింటికీ పెట్టాలని మైకులో చెప్పేశాడు.

ఆ గోలలో జగపతిరావు కర్ర పొడుచుకుంటూ జ్యోతిరాణి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన బల్ల మీది గ్లాసు తీసుకుని, వడపోసిన నీళ్లు చివరి చుక్క దాకా తాగాడు.

"గద్దె మీద మా బాపు పేరు కింద జాగ ఉన్నది బిడ్డా," అన్నాడు. "ఈ నీళ్లు వడపోసి తాగుండ్రి అని రాయిస్త. రాయిస్తె నువ్వు ఒప్పుకుంటవా?"

ఆదివారం నుంచి పడ్డ మాటలన్నీ జ్యోతిరాణి చెవుల్లో మోగాయి.

"పెద్దగ రాయించుండ్రి పెదబాపూ," అంది చివరికి. "మీ కంటికి గూడ ఆనాలె."

ఊరంతా గొల్లుమంది. జగపతిరావు కూడా నవ్వాడు, ఓడినవాడు నవ్వే తీరుగా. జ్యోతిరాణి అందరికంటే గట్టిగా నవ్వింది. గార పట్టిన పళ్లన్నీ ఎండలో బయటపడేలా, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది.

అమిత్ ఆమె చేతుల వైపు చూశాడు. ఒక చేతిలో గ్లాసు ఉంది, రెండో చెయ్యి రుచిత భుజం మీద ఉంది. కొంగు భుజం మీదే ఉంది. రాధాబాయి కూడా అటే చూస్తోంది. ఈసారి ఏం చూస్తోందో అతనికి తెలిసింది.